మొదటి మిర్రర్‌లెస్ కెమెరా: ముందు లెన్స్, ఆ తర్వాతే బాడీ

మొదటిసారి మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకోగల కెమెరా) కొనేవాళ్లలో ఎక్కువమంది బాడీ దగ్గర మొదలుపెడతారు. ఎన్ని మెగాపిక్సెళ్లు, సెకనుకు ఎన్ని ఫొటోలు, 4కే వీడియో ఉందా లేదా అని వారాల తరబడి పోల్చి చూస్తారు. బడ్జెట్ అంతా బాడీకే అయిపోయాక, దానితోపాటు పెట్టెలో వచ్చిన కిట్ లెన్స్‌తో సర్దుకుంటారు. తీరా సాయంత్రం హాల్లో పిల్లల్ని తీస్తే ఫొటో గరుగ్గా, కదిలిపోయి వస్తుంది. అక్కడే ఫోన్‌తో తీసింది అంతకంటే బాగుంటుంది. కొత్త కెమెరా కొన్నాళ్లకే బీరువాలోకి చేరడానికి చాలా ఇళ్లలో ఇదే కారణం.

లెక్క వేసి చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ట్యూబ్‌లైట్లు వెలుగుతున్న హాల్లో వెలుతురు 160 లక్స్ ఉందనుకుందాం. పిల్లలు కుదురుగా ఉండరు కాబట్టి షట్టర్ స్పీడ్ కనీసం 1/125 సెకను కావాలి. కిట్ జూమ్‌ను కాస్త ముందుకు తిప్పితే చాలు, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6కు పడిపోతుంది. ఈ అంకె పెరిగిన కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. అప్పుడు ఐఎస్ఓను (తక్కువ వెలుతురును కెమెరా పెంచి చూపే స్థాయి, పెరిగితే ఫొటో గరుగ్గా వస్తుంది) 6400 దాకా పెంచాల్సి వస్తుంది. అదే గదిలో, అదే షట్టర్ స్పీడుకు ఎఫ్/1.8 లెన్స్ పెడితే ఐఎస్ఓ 640 సరిపోతుంది. తేడా పదింతలు! ఇదే తేడాను బాడీ మార్చి తెచ్చుకోవాలంటే కుదరదు. చిన్నదైన ఏపీఎస్-సి సెన్సర్ నుంచి పెద్దదైన ఫుల్‌ఫ్రేమ్‌కు వెళ్తే కలిసొచ్చేది దాదాపు ఒకటింబావు స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). ఎఫ్/5.6 నుంచి ఎఫ్/1.8కి వెళ్తే మూడు స్టాపులకు పైనే. మొదటి దానికి అయ్యే ఖర్చులో చిన్న భాగంతోనే రెండోది చేతికొస్తుంది.

ఫోన్ ఎలా గెలుస్తోందంటే, దాని మెయిన్ కెమెరా లెన్స్ ఎఫ్/1.6, ఎఫ్/1.8 దరిదాపుల్లో ఉంటుంది. పైగా అది ఒక్క క్లిక్కుకు చాలా ఫ్రేములు తీసి, కలిపి, నాయిస్ (గరుకుదనం) తుడిచేస్తుంది. మిర్రర్‌లెస్ కెమెరా మామూలుగా ఒకే ఫ్రేము తీస్తుంది. సెన్సర్ ఎంత పెద్దదైనా, ముందున్న లెన్స్ వెలుతురు రానివ్వకపోతే ఆ పెద్దరికం ఇంట్లో అక్కరకు రాదు.

గది కొలిచి లెన్స్ కొనాలి

ఈ మాట విన్నవాళ్లు చాలామంది వెంటనే 50 మి.మీ. ఎఫ్/1.8 కొనేస్తారు. చవక, తేలిక, వెనకదంతా చక్కగా బ్లర్ చేస్తుంది. నిజమే. కానీ అది ఫిల్మ్ కెమెరాల నాటి సలహా. అప్పట్లో ఫ్రేము వెడల్పు 36 మి.మీ. ఇప్పుడు మొదటి కెమెరాగా కొనేవాటిలో చాలావరకు ఏపీఎస్-సి సెన్సర్ ఉంటుంది. దాని వెడల్పు సోనీ, నికాన్, ఫ్యూజీల్లో 23.5 మి.మీ., కెనాన్‌లో 22.3 మి.మీ. సెన్సర్ చిన్నదైన కొద్దీ అదే లెన్స్‌లో పట్టే దృశ్యం తగ్గిపోతుంది.

ఎంత మేర ఫ్రేములో పడుతుందో కాగితం మీద తేల్చుకోవచ్చు. సెన్సర్ వెడల్పును లెన్స్ మీద ఉండే మి.మీ. అంకె, అంటే ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, మనిషి నిలబడ్డ దూరంతో గుణించాలి. కెనాన్ ఆర్50 మీద 50 మి.మీ. లెన్స్ ఉంది, మనిషి 3 మీటర్ల దూరంలో ఉన్నారనుకుంటే 22.3ను 50తో భాగించి 3తో గుణించాలి. వచ్చేది 1.34 మీటర్లు. అంటే కెమెరాను నిలువుగా తిప్పి పట్టుకున్నా అయిదున్నర అడుగుల మనిషి పూర్తిగా పట్టరు, మోకాళ్ల దగ్గర తెగిపోతారు. తలపైన, కాళ్లకింద కాస్త ఖాళీ ఉంచి నిలువెత్తు ఫొటో తీయాలంటే 1.9 మీటర్లు ఫ్రేములో పడాలి. అందుకు 4.3 మీటర్లు, అంటే 14 అడుగులు వెనక్కి వెళ్లాలి. పదికి పన్నెండు అడుగుల గదిలో సోఫా, టీవీ స్టాండు పోగా అంత చోటు ఎక్కడ దొరుకుతుంది?

అదే 3 మీటర్ల దూరంలో సోనీ లేదా ఫ్యూజీ మీద 35 మి.మీ. లెన్స్ పెడితే 2 మీటర్లు పడుతుంది. మనిషి నిలువెల్లా వస్తారు. కెనాన్ మీద 28 మి.మీ. అయితే 2.4 మీటర్లు, నికాన్ మీద 24 మి.మీ. అయితే 2.9 మీటర్లు. సోఫాలో పక్కపక్కనే కూర్చున్న నలుగురిని కెమెరా అడ్డంగా పట్టుకుని తీయడానికి ఈ చివరి రెండే హాయి. ఏపీఎస్-సి మీద మొదటి జూమ్ లేని లెన్స్ 23 నుంచి 35 మి.మీ. మధ్యలో ఉండాలనడానికి ఆధారం ఈ లెక్కే. 50, 56 మి.మీ. లెన్సులు పోర్ట్రెయిట్లకు చాలా బాగుంటాయి. అవి రెండో విడతలో కొనుక్కోవచ్చు.

కొనేముందు పైసా ఖర్చు లేకుండా పరీక్షించుకునే దారి ఒకటుంది. ఫోన్ మెయిన్ కెమెరాలో చూపు మేర ఫుల్‌ఫ్రేమ్ లెక్కన సుమారు 24 నుంచి 26 మి.మీ. 1ఎక్స్‌లో కనిపించేది ఏపీఎస్-సి మీద 16 మి.మీ. లెన్స్ చూపే దృశ్యానికి దగ్గరగా ఉంటుంది. 2ఎక్స్ నొక్కితే 33, 35 మి.మీ. చూపే దృశ్యం. ఒక వారం ఇంట్లో ఫోన్‌ను 2ఎక్స్‌లోనే పెట్టి తీస్తే, ఎక్కడ గోడ వీపుకు తగులుతోందో తెలిసిపోతుంది. మాటిమాటికీ చోటు చాలకపోతే 23, 24 మి.మీ. వైపు మొగ్గాలి.

ఎఫ్/1.8లో ఇంకో చిక్కుంది. ఏపీఎస్-సి మీద 50 మి.మీ. లెన్స్‌తో ఎఫ్/1.8 పెట్టి మీటరున్నర దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 6 సెంటీమీటర్లు. ముక్కు నుంచి చెవి దాకా కూడా పూర్తిగా రాదు. ఒక్కరి ముఖానికి అది అందం. వెనక తాతయ్య, ముందు మనవడు ఉంటే మాత్రం ఇద్దరిలో ఒకరు మసకగా వస్తారు. అలాంటప్పుడు 3 మీటర్ల దూరానికి వెనక్కి జరిగి ఎఫ్/4 పెడితే లోతు 55 సెంటీమీటర్లకు పెరుగుతుంది. రెండు వరుసల గ్రూప్ ఫొటోకు ఎఫ్/5.6 పెట్టి, వెలుతురు లోటును ఫ్లాష్‌తో పూడ్చుకోవాలి. కొత్తవాళ్లు లెన్స్ ఫోకస్ బాగాలేదని వాపసు తెచ్చే సందర్భాల్లో చాలాసార్లు జరిగింది ఇదే.

ఏ మౌంట్‌లో ఏ లెన్స్

బాడీ సంగతి ఇక్కడ మొదలవుతుంది. బాడీ కొనడమంటే ఒక లెన్స్ మౌంట్‌లోకి (బాడీకి లెన్స్ బిగించే అమరిక) అడుగు పెట్టడం. సోనీ ‘ఈ’ (E) మౌంట్ 2010 నుంచి, ఫ్యూజీ ఎక్స్ మౌంట్ 2012 నుంచి ఉన్నాయి కాబట్టి వాటికి చవక లెన్సులు, పాత లెన్సులు విరివిగా దొరుకుతాయి. కెనాన్ ఆర్ఎఫ్, నికాన్ జడ్ మౌంట్లు రెండూ 2018లో వచ్చాయి. కెనాన్ ఏపీఎస్-సి ఆర్ఎఫ్ బాడీలకు సిగ్మా, టామ్రాన్ ఆటోఫోకస్ లెన్సులు 2024లో గానీ రాలేదు. అందుకే అంతకుముందు రాసిన సలహాల్లో కెనాన్‌కు లెన్సులు లేవని కనిపిస్తుంది. సిగ్మా 18-50 మి.మీ. ఎఫ్/2.8, 30 మి.మీ. ఎఫ్/1.4 రెండూ ఇప్పుడు ఆర్ఎఫ్‌లోనూ ఉన్నాయి.

గదికి సరిపోయే, చేతికి బరువు కాని జతలు ఇవీ: సోనీ ఏ6400కు సిగ్మా 30 మి.మీ. ఎఫ్/1.4, లేదా లెన్స్‌లోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉన్న సోనీ 35 మి.మీ. ఎఫ్/1.8. నికాన్ జడ్50 మార్క్ 2కు, జడ్30కి నికాన్ సొంత 24 మి.మీ. ఎఫ్/1.7 డీఎక్స్. బరువు 135 గ్రాములే, ఈ ధరల్లో ఇంటి వాడకానికి ఇంత చక్కగా అమరిన లెన్స్ అరుదు. ఫ్యూజీలో ఎక్స్‌సీ 35 మి.మీ. ఎఫ్/2. కెనాన్ ఆర్50కి సిగ్మా 23 లేదా 30 మి.మీ. ఎఫ్/1.4. కెనాన్ ఆర్ఎఫ్ 28 మి.మీ. ఎఫ్/2.8 పలచగా, 120 గ్రాములతో జేబులో పట్టేలా ఉంటుంది. అయితే ఎఫ్/1.8తో పోలిస్తే వెలుతురు సగంకన్నా తక్కువ.

లెన్సులు మార్చడం ఇష్టం లేనివాళ్లకు సిగ్మా 18-50 ఎఫ్/2.8 ఒక్కటే చాలు. సోనీ మౌంట్‌లో దాని బరువు 290 గ్రాములు. మొదట చెప్పిన హాల్లోనే దీనికి ఐఎస్ఓ 1600 దగ్గర తేలుతుంది. ఇప్పటి ఏపీఎస్-సి సెన్సర్లు ఆ మాత్రం ఐఎస్ఓను తేలిగ్గా మోస్తాయి. పెళ్లికి వెళ్లినా, ఊళ్లు తిరిగినా లెన్స్ విప్పే పని ఉండదు, సెన్సర్ మీద దుమ్మూ పడదు.

కిట్ జూమ్‌ను తీసిపారేయాల్సిన పని లేదు. పగటిపూట ఆరుబయట ఎఫ్/8 పెట్టి తీస్తే మంచి ఫొటోలిస్తుంది. బాడీతో కలిపి కొంటే దానికి పడే అదనపు ధర తక్కువ. సోనీ 16-50 బరువు 116 గ్రాములు, నికాన్ 16-50ది 135 గ్రాములు. కొండలు, గోపురాలు, ప్రయాణాలకు అవి చాలు. రెండు కిట్ లెన్సుల పెట్టె విషయంలోనే జాగ్రత్త. అందులో వచ్చే 55-210, 50-250 జూములు దూరపు కొసన ఎఫ్/6.3, ఎఫ్/7.1కు పడిపోతాయి. కూచిపూడి ప్రదర్శన తీయాలంటే షట్టర్ స్పీడ్ 1/250 నుంచి 1/500 మధ్య ఉండాలి. వేదిక వెలుతురులో ఆ జూములతో అది సాగదు. ముందు వరుసల్లో కూర్చుని 56 మి.మీ. ఎఫ్/1.4తో తీసిందే నిలుస్తుంది. కొల్లేరు పెలికాన్ల కోసమైతే 400 మి.మీ. పైన కావాలి. అది చిన్న కెమెరా పరిధి దాటిన వేరే బడ్జెట్.

ఇంట్లో పాత డీఎస్ఎల్ఆర్ లెన్సులు ఉంటే మౌంట్ ఎంపిక మారొచ్చు. కెనాన్ ఈఎఫ్ లెన్సులు ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్ మీద ఆటోఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తాయి. నికాన్ ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటారు లేదు కాబట్టి 50 మి.మీ. ఎఫ్/1.8డి లాంటి ఏఎఫ్-డి లెన్సులను చేత్తోనే ఫోకస్ చేయాలి, లోపలే మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఆ ఇబ్బంది లేదు. సెకండ్‌హ్యాండ్‌లో కెనాన్ ఎం50 తక్కువకు దొరుకుతుంది. దాని ఈఎఫ్-ఎం మౌంట్‌కు కంపెనీ కొత్త లెన్సులు తేవడం మానేసిందని తెలిసి కొనాలి.

చిన్న బాడీలో ఏం తగ్గించారో చూడాలి

కెమెరా ఎంత చిన్నదన్నది లెన్స్ తగిలించాకే తేలుతుంది. బ్యాటరీ, కార్డుతో కలిపి ఆర్50 బరువు 375 గ్రాములు, ఏ6400 403 గ్రాములు, జడ్50 మార్క్ 2 సుమారు 550 గ్రాములు. ఏ6400కు 16-50 పెడితే మొత్తం 519 గ్రాములు, సిగ్మా 18-50 పెడితే 693. రోజూ వెంట తీసుకెళ్లే సంచిలో ఈ తేడా తెలుస్తుంది.

బరువు, ధర తగ్గించడానికి ఏదో ఒకటి తీసేస్తారు. సోనీ జడ్‌వీ-ఈ10, నికాన్ జడ్30, ఫ్యూజీ ఎక్స్-ఎం5లలో వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) లేదు. మే నెల ఎండలో స్క్రీన్ మీద ఏమీ కనిపించక గుడ్డిగా నొక్కాల్సి వస్తుంది. ఆరుబయట ఎక్కువ తీసేవాళ్లకు వ్యూఫైండర్ ఉన్న బాడీయే మేలు. కెనాన్ ఆర్100లో టచ్‌స్క్రీన్ లేదు, స్క్రీన్ కదలదు కూడా. ఫోన్‌కు అలవాటుపడ్డ చేతికి అది పెద్ద లోటు.

ఫ్లాష్ సంగతి చాలామంది ఆలోచించరు. సోనీ జడ్‌వీ-ఈ10 మార్క్ 2లో మెకానికల్ షట్టర్ లేకపోవడంతో ఫ్లాష్ వాడే వీలే లేదు. ఆర్50లో చిన్న పాప్-అప్ ఫ్లాష్ ఉన్నా, పైన ఉన్న కొత్తరకం షూకు (ఫ్లాష్ బిగించే చోటు) మామూలు ఫ్లాష్ తగిలించాలంటే ఏడీ-ఈ1 అనే అడాప్టర్ విడిగా కొనాలి. తెల్లటి సీలింగ్ వైపు తిప్పి కొట్టిన ఫ్లాష్ ఇంటి ఫంక్షన్లలో చేసే మేలు ఇంకేదీ చేయదు కాబట్టి, దీన్ని కొనకముందే చూసుకోవాలి.

బాడీలో స్టెబిలైజేషన్ మీద ఆశలు ఎక్కువ. ఏ6400, ఆర్50, జడ్50 మార్క్ 2లలో అది లేదు. సోనీ ఏ6700, ఫ్యూజీ ఎక్స్-టీ50, ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ 4లలో ఉంది. చేతి వణుకును అది ఆపుతుంది, పరిగెత్తే పిల్లాడిని ఆపలేదు. మనుషుల ఫొటోలకు షట్టర్ స్పీడ్ ఎలాగూ 1/125 పైన ఉంచాలి కాబట్టి, దానికోసం పెట్టే డబ్బు లెన్స్ మీద పెడితే ఎక్కువ ఫలితం. ట్రైపాడ్ లేకుండా రాత్రి కట్టడాలు తీసేవాళ్లకు మాత్రం అది నిజంగా పనికొస్తుంది.

బడ్జెట్‌లో బాడీ, కిట్ లెన్స్ కలిపి 60 శాతం, ఎఫ్/2 లేదా అంతకంటే ప్రకాశవంతమైన లెన్స్‌కు 30 శాతం, కార్డు, అదనపు బ్యాటరీ, బ్లోయర్ (దుమ్ము ఊదే బుడ్డి), డ్రై బాక్స్‌కు 10 శాతం అనుకుంటే సరిపోతుంది. బాడీ ధర ఈ వాటాను మింగేస్తుంటే ఒక మెట్టు కిందికి దిగడమే మంచిది. 24 మెగాపిక్సెల్ రా ఫైలు (కెమెరా కుదించని మూల ఫొటో) 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది, 64 జీబీ కార్డులో రెండు వేలకు పైగా పడతాయి. 100 ఎంబీపీఎస్ 4కే వీడియో గంటకు 45 జీబీ తింటుంది. వీ30 గుర్తు ఉన్న కార్డు రెండింటికీ చాలు. నకిలీ కార్డులు పైకి 128 జీబీ చూపించి, లోపల కొంత నిండాక ఫైళ్లు పాడు చేస్తాయి. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ప్రోగ్రామ్‌తో కార్డు మొత్తం నింపి చూడాలి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే కెమెరా చవగ్గా రావచ్చు. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కంపెనీ సర్వీస్ సెంటర్లో అడగాలి. జపాన్‌లో అమ్మే సోనీ బాడీల్లో మెనూ జపనీస్‌లోనే ఉంటుంది. స్థానికంగా కొన్నా, బిల్లు మీద ఉన్న సీరియల్ నంబరు, బాడీ అడుగున ఉన్న నంబరు ఒకటేనా అని కౌంటర్ దగ్గరే సరిచూసుకోవాలి.

మొదటి సెట్టింగులు, ఆ తర్వాత సంరక్షణ

ఎపర్చర్ ప్రయారిటీ మోడ్ (ఎపర్చర్ మనం పెడితే షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది), ఐఎస్ఓ ఆటో, గరిష్ఠం 6400, కనీస షట్టర్ స్పీడ్ 1/125, ఫోకస్ కంటిన్యువస్‌లో, ఐ డిటెక్షన్ (కంటిని గుర్తించి ఫోకస్ చేయడం) ఆన్, రా ప్లస్ జేపెగ్. ఇంట్లో మనుషులను తీయడానికి ఇక్కడ మొదలుపెట్టవచ్చు. కొన్ని చవక బాడీల్లో కనీస షట్టర్ స్పీడ్ మెనూ ఉండదు. అప్పుడు మాన్యువల్ మోడ్‌లో ఎపర్చర్, షట్టర్ పెట్టి ఐఎస్ఓను మాత్రం ఆటోకు వదలాలి.

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చోక్ ఉన్న ట్యూబ్‌లైట్లు, నాసిరకం ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఫొటోలో అడ్డ చారలు కనిపిస్తే షట్టర్‌ను 1/100కు లేదా 1/50కి మార్చాలి. పెళ్లి మండపాల్లో చారలు వస్తుంటే చాలావరకు సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉండటమే కారణం. ఎలక్ట్రానిక్ షట్టర్ ఫ్రేమును వరుసవారీగా చదువుతుంది, ఒక్కో వరుసకు ఒక్కో వెలుతురు పడుతుంది. మెకానికల్ షట్టర్‌కు మార్చి చూడాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో లెన్స్‌కు అసలు శత్రువు బూజు. తోలు సంచిలో, బీరువాలో నెలల తరబడి ఉంచితే గాజు లోపల సాలెగూడులా అల్లుకుంటుంది. ముదిరితే కోటింగును తినేస్తుంది, శుభ్రం చేయించినా మచ్చ పోదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో 200 గ్రాముల సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఉంటే చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారగానే ఆరబెట్టి మళ్లీ వేయాలి. ఏసీ గదిలోంచి వేడిలోకి తెచ్చేటప్పుడు కెమెరాను అరగంట సంచిలోనే ఉంచితే గాజు మీద ఆవిరి పట్టదు.

సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొంటుంటే ముందు, వెనక మూతలు తీసి, ఫోన్ టార్చి ఒక వైపు నుంచి వేసి రెండో వైపు నుంచి చూడాలి. సన్నటి దారాలు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వదిలేయాలి. కాసిని దుమ్ము కణాలు ఫొటోలో కనిపించవు. బాడీ అయితే ఎఫ్/16 పెట్టి తెల్ల గోడను ఫోకస్ తప్పించి తీసి, స్క్రీన్ మీద జూమ్ చేయాలి. నల్ల చుక్కలు బ్లోయర్‌తో పోతే దుమ్ము, పోకపోతే సెన్సర్ శుభ్రం చేయించే ఖర్చు బేరంలో తగ్గించమనాలి. తర్వాత సొంత కార్డు వేసి ఇరవై ముప్ఫై ఫొటోలు వరుసగా తీసి, ఆటోఫోకస్ ఎక్కడైనా తడబడుతోందా, లెన్స్ మౌంట్‌లో వదులుగా కదులుతోందా చూసుకుని డబ్బు ఇవ్వాలి.